నొప్పిని ఆపడం ప్రాణం తీయడమా?



ఈసారి పుస్తకంలో ఒక్క ప్రశ్నే తీసుకున్నాం. విహారంలో వందన అయిపోయి అందరూ చెప్పులేసుకునే వేళకు, పక్కకు పిలిచి గొంతు తగ్గించి అడిగే ప్రశ్న అది. "మా నాయనకు క్యాన్సరండీ. మింగుడు పడటం లేదు. నర్సు వచ్చి చిన్న మిషన్ పెట్టిపోయింది, రోజంతా మార్ఫిన్ ఎక్కుతూ ఉంటుందట. మా పెద్దమ్మేమో అది పెడితే మనిషి ఇక లేవడు, చేతులారా చంపుకుంటున్నారు అంటోంది. పంచశీల తీసుకున్నవాళ్ళం గదా, ఇది పాణాతిపాతం కిందికి వస్తుందా?"

అడగాల్సిన ప్రశ్నే ఇది. మొదటి శీలాన్ని పూర్ణిమ రోజున పాళీలో చెప్పి ఊరుకోకుండా, మంచం పక్కన నిలబడినప్పుడు కూడా గుర్తుపెట్టుకున్నవాళ్ళే ఇట్లా అడుగుతారు. దీని వెనకాల ఇంకో మూడు ప్రశ్నలు నక్కి ఉంటాయి. మార్ఫిన్ మత్తు గదా, మరి ఐదో శీలం సంగతేంటి? చివరి ఘడియల్లో మనసు ఎరుకతో ఉండాలంటారు, మత్తులో పోతే ఎట్లా? మూడోది పైకి ఎవరూ అనరు. ఇది ఏ జన్మలో చేసిందో, అనుభవించి తీరాల్సిందేనేమో అనే పాత భయం అది. మతం మారినా కొన్ని భయాలు ఇంట్లోనే ఉండిపోతాయి.

మా సమాధానం ముందే చెప్పేస్తాం. అది ప్రాణం తీయడం కాదు. అయితే ఆ "కాదు"కి ఒక షరతు ఉంది. ఆ షరతు చిన్నదేం కాదు.

మొదట ఆ మిషన్ ఏమిటో చూద్దాం. తెలియని వస్తువు మీద పుట్టే అనుమానంలో సగం తెలుసుకుంటేనే పోతుంది.

సిరంజి డ్రైవర్ అంటే బ్యాటరీతో నడిచే చిన్న పెట్టె. మందు నింపిన సిరంజిని దానిలో బిగిస్తారు. లోపలి మోటారు ఆ సిరంజిని రోజంతా కొద్దికొద్దిగా నెడుతూ ఉంటుంది. సిరంజికి సన్నటి గొట్టం, గొట్టం చివర చిన్న బటర్‌ఫ్లై సూది. ఆ సూది నరంలోకి పోదు. ఛాతీ మీదో, జబ్బ మీదో, పొట్ట మీదో, తొడ మీదో చర్మం కింద నిలుస్తుంది. సెలైన్ స్టాండు అక్కర్లేదు, మంచానికి కట్టేసినట్టు ఉండక్కర్లేదు. మామూలుగా ఒక్క సిరంజి 24 గంటలకు సరిపోతుంది. మర్నాడు మళ్ళీ కొత్తది నింపుతారు. ఐసీయూలో చూసే పెద్ద సిరంజి పంపుకు ఇది చిన్న చెల్లెలు అనుకోండి, ఇంటికి కూడా వస్తుంది.

దీన్ని ఇంగ్లండులో మార్టిన్ రైట్ అనే ఆయన తయారుచేశాడు. మొదట్లో తలసేమియా పిల్లల ఒంట్లో పేరుకున్న ఇనుమును బయటికి పంపే మందు ఎక్కించడానికి వాడారు. 1979లో పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు, మింగలేని స్థితికి వచ్చిన క్యాన్సర్ రోగులకు నొప్పి మందును ఇదే దారిన ఇవ్వొచ్చని రాశాడు. అప్పటినుంచి ఉపశమన చికిత్సలో, అంటే పాలియేటివ్ కేర్‌లో, ఇది మామూలు పనిముట్టు అయిపోయింది.

చాలామంది దీన్ని "పెద్ద మందు", "ఆఖరి మందు" అనుకుంటారు. మందు అదే, మారింది దారి మాత్రమే. నోటితో మింగగలిగినంత కాలం మాత్రో, ద్రవమో నోటి ద్వారా ఇవ్వడమే పద్ధతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సర్ నొప్పికి చెప్పిన దారీ అదే. గొంతు పూడుకుపోయినప్పుడు, వాంతులు ఆగనప్పుడు, పేగు మూసుకుపోయినప్పుడు, మనిషి మాత్ర మింగేంత తెలివిలో లేనప్పుడు చర్మం కింద దారి వెతుకుతారు. ఆ దారిన పోయే మార్ఫిన్ మోతాదు నోటితో ఇచ్చేదాంట్లో సుమారు సగమే. రోజుకు 60 మిల్లీగ్రాములు మింగుతున్న మనిషికి 30 మిల్లీగ్రాములతో అదే ఫలితం వస్తుంది. నోటి ద్వారా పోయినదాంట్లో కొంత కాలేయం దగ్గరే ఖర్చయిపోతుంది, అందుకని. ఒక్క నొప్పికే కాదు, వాంతికి హలోపెరిడాల్, కుదురులేని గింజులాటకు మిడజోలం, గొంతులో గరగరకు గ్లైకోపైరోలేట్ లాంటివి కూడా దీంట్లో ఇస్తారు. వాంతులు కట్టుకున్నాక మిషన్ తీసేసి మళ్ళీ మాత్రలకు వచ్చినవాళ్ళూ ఉంటారు.

నాలుగు గంటలకో సూది అయితే ఏమవుతుంది? పొడిచిన కాసేపటికి తూగు, తర్వాతి సూది వేళకు ముందే నొప్పి. మనిషి రోజంతా గడియారం చూస్తూ బతకాలి. ఈ మిషన్ ఆ ఎగుడుదిగుడును చదును చేస్తుంది. అయితే పెట్టిన వెంటనే పనిచేయదు, ఒంట్లో మందు నిండడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే మొదట్లో విడిగా ఒక మోతాదు ఇస్తారు.

మరి "మిషన్ పెట్టిన రెండ్రోజులకే పోయాడు" అనే మాటెందుకు వినిపిస్తుంది? మనిషి మింగలేని స్థితి వచ్చాకనే గదా ఎక్కువగా దీన్ని పెట్టేది. ఆ స్థితి చాలాసార్లు చివరి రోజుల గుర్తు. వానకు ముందు చీమలు గుడ్లు మోసుకుపోతాయి. చీమలే వాన తెచ్చాయని ఎవరమైనా అంటామా? కొలిచి, చూసి ఇచ్చిన మార్ఫిన్ ఆయుష్షును తగ్గిస్తుందని చూపించే గట్టి ఆధారం వైద్యంలో లేదు. కొలవకుండా ఇస్తే మాత్రం చంపుతుంది. షరతు ఎక్కడుందో మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది.

ఇక మొదటి శీలం. ప్రాణం తీశాడని అనాలంటే ఐదు కలవాలని మన పెద్దలు చెప్పారు. అవతల ప్రాణి ఉండాలి, అది ప్రాణి అని తెలియాలి, చంపాలనే తలంపు ఉండాలి, అందుకు ప్రయత్నం జరగాలి, దానివల్ల ప్రాణం పోవాలి. వీటిలో మూడోదే ఇరుసు. తథాగతుడు కమ్మ అంటే చేతన అన్నాడు, చేతన అంటే ఆ తలంపే. "తలంపు లోపలిది గదండీ, దాన్ని ఎవరు చూడొచ్చారు?" అని మీరు అడగొచ్చు. ఈ ఒక్క విషయంలో మాత్రం చూడొచ్చు. అది మందు చీటీ మీద కనిపిస్తుంది. గురి నొప్పి మీద ఉన్నవాళ్ళు తక్కువతో మొదలుపెడతారు, నొప్పి ఎంత తగ్గిందో అడుగుతారు, తగ్గకపోతే ఒక మెట్టు పెంచుతారు, తగ్గాక ఆగుతారు. మోతాదు నొప్పి వెంట నడుస్తుంది. గురి చావు మీద ఉంటే మోతాదుకూ నొప్పికీ పొంతన ఉండదు. చీటీ చదవడం తెలిసినవాడికి ఆ తేడా పట్టపగలంత స్పష్టం.

ఇక్కడ మనవాళ్ళకు కొంచెం కష్టంగా తోచే మాట ఒకటి చెప్పాలి. పత్రికల్లో "కారుణ్య మరణం" అని రాస్తుంటారు. కరుణ అన్న మాట మనది గనుక, కరుణతో చేసిందేదైనా ధమ్మమే అనిపిస్తుంది. వినయ పిటకం అట్లా ఒప్పుకోలేదు. మనిషిని చంపడం భిక్ఖువుకు పారాజికం, అంటే ఇక సంఘంలో చోటు లేని నేరం. ఆ నియమం కింద నమోదైన సంగతుల్లో ఒకటి సరిగ్గా మన విషయమే. ఒక భిక్ఖువు జబ్బుతో బాధపడుతుంటే తోటి భిక్ఖువులు జాలిపడి, చావే మేలని అతనికి చెప్పారు. అతను చనిపోయాడు. వాళ్ళకు తర్వాత అనుమానం వచ్చి తథాగతుణ్ణి అడిగితే, అది పారాజికమే అని తేల్చాడు. వాళ్ళ జాలి దొంగది అని ఆయన అనలేదు. జాలి ఉన్నా గురి చావు మీద పెట్టారు, అంతే.

అందుకని, "సిస్టర్, ఇంకొంచెం ఎక్కువ పెట్టండి, మా అమ్మ బాధ మేం చూడలేకపోతున్నాం" అని నర్సును బతిమాలే కొడుకును మేం పాపాత్ముడు అనం. ఆ మాటలో "చూడలేకపోతున్నాం" అన్నది మాత్రం ఒకసారి వినమంటాం. ఆ క్షణంలో ఆగాల్సింది ఎవరి బాధ? అమ్మ నొప్పి తగ్గలేదంటే నొప్పి మందు పెంచమని గట్టిగా, హక్కుగా అడగాలి. అమ్మ నొప్పి లేకుండానే పడుకుని ఉంది, ఊపిరి మాత్రం ఆగి ఆగి వస్తోంది అంటే, అది చూసేవాళ్ళకు భరించరానిదే గానీ మందుకు పని లేని చోటు. అక్కడ ఓర్చుకోవాల్సింది మంచం మీది మనిషి కాదు, మనం. దేశ చట్టం కూడా గీత అక్కడే గీసింది. ఫలితం లేని కృత్రిమ శ్వాస లాంటి వాటిని షరతులతో ఆపవచ్చని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది, చంపడానికి సూది వేయడాన్ని మాత్రం ఒప్పుకోలేదు.

ఆ షరతు ఎందుకు చిన్నది కాదో ఈ మిషన్ పుట్టిన ఇంగ్లండులోనే తేలింది. అక్కడ గోస్‌పోర్ట్ వార్ మెమోరియల్ ఆసుపత్రి మీద ఒక స్వతంత్ర విచారణ సంఘం 2018 జూన్‌లో నివేదిక ఇచ్చింది. 1989 నుంచి 2000 దాకా, వైద్యపరమైన కారణం లేకుండా ఓపియాయిడ్ మందులు ఇచ్చి 456 మంది ఆయుష్షును తగ్గించారని తేల్చింది. ఎక్కువమంది వయసు మీరినవాళ్ళు. చావుబతుకుల్లో లేని వాళ్ళు, తుంటి ఎముక విరిగి కోలుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. మందు పోయింది చాలామందికి సిరంజి డ్రైవర్ ద్వారానే. అక్కడి నర్సులు కొందరు 1991లోనే ఇది సరి కాదని చెప్పారు, పైవాళ్ళు చెవిన పెట్టలేదు. ఆ ముసలివాళ్ళ మందు చీటీలలో నొప్పికీ మోతాదుకీ పొంతన లేదు.

మిషన్లోనూ ఒక చిక్కు ఉండేది. ఆ దేశంలో చాలాకాలం వాడిన రెండు నమూనాలు చూడటానికి ఒకేలా ఉండేవి. ఒకదానిలో వేగం గంటకు ఇన్ని మిల్లీమీటర్లని పెట్టాలి, రెండోదానిలో 24 గంటలకు ఇన్ని అని. ఒకదాని అంకె ఇంకొకదానిలో పెడితే రోజంతటి మందు ఒక్క గంటలో పోయేది. తర్వాత ఆ పాతవాటిని పక్కన పెట్టి, సిరంజిని గుర్తుపట్టి తాళం పడే కొత్తవాటిని తెచ్చారు. ఇదంతా మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. కత్తి కూరగాయలూ కోస్తుంది, వేలూ కోస్తుంది. మిషన్ పెట్టి వెళ్ళిపోతే పని అయిపోదు. నాలుగేసి గంటలకు చూడాలి. సూది చుట్టూ ఎర్రబడిందా, వాచిందా, సిరంజిలో మందు అనుకున్నంతే దిగిందా, గొట్టం మడత పడిందా? మనిషిని పిలిస్తే పలుకుతున్నాడా? లేపినా లేవకపోయినా, ఊపిరి బాగా నెమ్మదించినా, కంటిపాప గుండుసూది తలంత చిన్నదైనా వెంటనే ఫోన్ చేయాలి. సతి, సతి అని మనం వల్లెవేస్తాం గదా. ఆ ఇంట్లో సతి అంటే ఇదే. ఇంకో రూపంలో వెతకనక్కర్లేదు.

ఐదో శీలం సంగతి త్వరగా తేలిపోతుంది. మన భాషే కొంత గందరగోళం చేసింది. మనం ఆసుపత్రి సీసానూ మందు అంటాం, బెల్టు షాపు సీసానూ మందు అంటాం. ఆపరేషన్ చేసే డాక్టరు ఇచ్చేదీ మత్తే, తాగుబోతుకు ఎక్కేదీ మత్తే. ఐదో శీలం వారించింది పమాదానికి, అంటే ఒళ్ళు తెలియని నిర్లక్ష్యానికి, దారి తీసే తాగుడును. బాబాసాహెబ్ 22 ప్రతిజ్ఞలలో మత్తు పదార్థాలు వద్దన్నదీ అందుకే, మన వాడల్ని సారా ఎట్లా తినేసిందో ఆయనకు తెలుసు గనుక. జబ్బు విషయానికొస్తే, పిలిందవచ్ఛుడనే భిక్ఖువు వాతంతో బాధపడుతున్నప్పుడు, సారా కలిపి కాచిన నూనె వాడాలని వైద్యులు చెప్పారు. తథాగతుడు సరే అన్నాడు. కొందరు భిక్ఖువులు ఇదే సందని సారా ఎక్కువ పోసి తాగి తూలారు. అప్పుడాయన మందును నిషేధించలేదు, కొలత పెట్టాడు. సారా రంగు, వాసన, రుచి తెలియనంత మేరకే తాగాలి, ఎక్కువ పోసి కాచిందాన్ని ఒంటికి రాసుకోవడానికి వాడుకోవాలి అన్నాడు. అవసరం ఉన్నచోట అనుమతి, దానికో కొలత. మార్ఫిన్‌కు ఇంతకన్నా వేరే నియమం అక్కర్లేదు. నొప్పి కోసం డాక్టరు చూపులో తీసుకునేవాడు బానిస అవుతాడేమోనన్న భయం చాలా మటుకు వట్టిది.

ఎరుక గురించిన ప్రశ్న అంత తేలిక కాదు. దీని మీద కొంత నిలబడాలి.

తథాగతుడు వేలువ గ్రామంలో వర్షావాసం ఉన్నప్పుడు ప్రాణం పోయేంత నొప్పులు వచ్చాయి. ఎరుకతో ఓర్చుకున్నాడు. పాత బండిని తాళ్ళతో కట్టి నడిపినట్టు ఈ ఒంటిని నడుపుతున్నానని ఆనందుడితో అన్నాడు, అప్పటికి 80 ఏళ్ళు. బాణం ఒంటికి తగిలితే మూర్ఖుడు మనసుకు రెండో బాణం తానే పొడుచుకుంటాడు, ఎరుక ఉన్నవాడికి ఒక్క బాణమే అని కూడా చెప్పాడు. ముసలివాడైన నకులపితకు, ఒళ్ళు జబ్బుపడ్డా మనసు జబ్బుపడకుండా చూసుకోమన్నాడు. ఇవన్నీ చదివిన కొందరు ఉపాసకులు ఇంట్లో మంచం పట్టిన మనిషికి మార్ఫిన్ వద్దంటారు. ఓర్చుకుని, ఎరుకతో పోవాలంటారు.

ఒక్కటి గమనించండి. ఆ ఓర్పు ఆయన తన ఒంటి విషయంలో చూపించాడు. పక్కవాడి ఒంటి విషయంలో ఆయన ఏం చేశాడో చూడాలి. విరేచనాలతో తన మలంలో తానే పడి ఉన్న భిక్ఖువు దగ్గర నిలబడి "ఒళ్ళు అనిత్యం" అని ఉపన్యాసం ఇవ్వలేదు. ఆనందుణ్ణి నీళ్ళు తెమ్మన్నాడు. తాను నీళ్ళు పోస్తుంటే ఆనందుడు కడిగాడు, ఇద్దరూ తలవైపు ఒకరు, కాళ్ళవైపు ఒకరు పట్టుకుని మంచం మీదికి చేర్చారు. ఆ తర్వాతే, మీకిక్కడ అమ్మానాన్నలు లేరు, మీకు మీరు చేసుకోకపోతే ఎవరు చేస్తారని మిగతావాళ్ళను అడిగాడు. రోగికి సేవ చేస్తే తనకు చేసినట్టేనని అన్నాడు. రెండో బాణం సంగతి తర్వాత. మొదటి బాణాన్ని లాగేసే వీలున్నప్పుడు లాగకుండా రోగికి ధ్యానం నేర్పడం ఏ సూత్రంలోనూ లేదు.

ఇంకో మాట. నొప్పి కూడా మత్తే. ఎముకలోకి పాకిన క్యాన్సర్‌తో రాత్రంతా అరిచే మనిషికి త్రిశరణం వినిపిస్తుందా? బిడ్డ ముఖం కనిపిస్తుందా? ఆ మనిషిలో ఎరుకను నొప్పి ఎప్పుడో తినేసింది. మోతాదు సరిగ్గా కుదిరితే చాలామంది మొదటి రెండు మూడు రోజులు తూగి, తర్వాత తేరుకుంటారు. మాట్లాడతారు, గంజి అడుగుతారు, ఎవరికి ఎంత ఇవ్వాలో చెప్తారు. చివరి ఒకటి రెండు రోజుల్లో వచ్చే మగతలో ఎక్కువ భాగం జబ్బుది, మందుది కాదు. మిషన్ లేని ఇంట్లోనూ అది వస్తుంది.

అయినా కొద్దిమందికి మెలకువా, నొప్పి లేకపోవడమూ రెండూ కలిసి దొరకవు. ఒప్పుకోవాలి. అప్పుడు ఏది ఎంచుకోవాలో చెప్పే హక్కు భర్తది కాదు, కొడుకుది కాదు, విహారం పెద్దలదీ కాదు. ఆ మనిషిది. కువైట్ నుంచి బిడ్డ వచ్చేదాకా కొంత నొప్పి ఉన్నా ఫరవాలేదు, నన్ను మెలకువగా ఉంచండి అని ఒకామె అంటే మోతాదు తక్కువ పెట్టించాలి. నాకు చాలు, పడుకోనివ్వండి అని ఇంకొకరంటే అట్లాగే. నోరు ఆడుతున్నప్పుడే ఈ ముక్క అడిగి ఉంచుకోవాలి. మన ఇళ్ళల్లో "అపశకునం మాటలెందుకు" అని దాటేస్తారు. శకునాలు వదిలేశామని దీక్ష తీసుకున్నవాళ్ళం మనం.

ఇప్పుడు పైకి అనని ఆ చివరి ప్రశ్న. "వాడి ఖర్మ, అనుభవిస్తున్నాడు." ఈ మాట మంచం పక్కన ఎవరన్నా అంటే ఊరుకోకూడదు. బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో పూర్వజన్మ కర్మ సిద్ధాంతాన్ని ఎందుకు తోసిపుచ్చాడో గుర్తు చేసుకోండి. పేదవాడి దుస్థితికి సమాజమూ, ప్రభుత్వమూ బాధ్యత తప్పించుకోవడానికి తప్ప అది ఎందుకూ పనికిరాదని ఆయన తేల్చాడు. ఆ వాదన నొప్పికి అచ్చంగా సరిపోతుంది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వం లైసెన్సు ఇచ్చి నల్లమందు పండిస్తుంది. మార్ఫిన్ దానినుంచే వస్తుంది. మన దేశం ఏళ్ళ తరబడి ఆ నల్లమందును విదేశాలకు పంపుతూ వచ్చింది. ఇక్కడి రోగికి మాత్రం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పెట్టిన లైసెన్సుల చిక్కుల్లో చుక్క దొరకడం గగనమయింది. 2014లో చట్టాన్ని సవరించాకే దారి కొంత సులువయింది. ఏ పూర్వజన్మ పాపం ఆ లైసెన్సులు రాసింది?

దొరికే చోట దొరుకుతోంది. 1993లో కోజికోడ్‌లో కొందరు డాక్టర్లు మొదలుపెట్టిన పని కేరళలో ఊరూరికీ పాకింది, మామూలు జనం ఇళ్ళకు వెళ్ళి రోగుల్ని చూసుకుంటున్నారు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్స విభాగం ఉంది. తెలంగాణలో జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాలు పెట్టారు, ఆలన పేరుతో ఇంటికి వాహనం వస్తుంది. సిరంజి డ్రైవర్లు మాత్రం అన్నిచోట్లా ఉండవు. లేనిచోట బటర్‌ఫ్లై సూదిని చర్మం కింద అట్లాగే ఉంచి, వేళకు మందు ఇవ్వడం ఇంట్లోవాళ్ళకు నర్సు నేర్పుతుంది. మిషన్ లేదని నొప్పిని వదిలేయాల్సిన పని లేదు.

అడగడం మాత్రం మనమే నేర్చుకోవాలి. మన తల్లులకు చిన్నప్పటినుంచి నేర్పిన విద్య ఓర్చుకోవడం. నాట్లేస్తూ నొప్పులు పడ్డవాళ్ళు, కూలి పోతుందని జ్వరం దాచుకున్నవాళ్ళు. డాక్టరు ఎట్లా ఉందమ్మా అంటే "ఏం లేదయ్యా, బానే ఉంది" అంటారు. ఆసుపత్రిలో పెద్ద గొంతుతో అడిగినవాళ్ళ నొప్పికి ముందు మందు దొరుకుతుంది, తల వంచుకున్నవాళ్ళ నొప్పి చీటీ ఎక్కదు. తన జబ్బును ఉన్నదున్నట్టు చెప్పని రోగికి సేవ చేయడం కష్టమని వినయంలోనే ఉంది. కాబట్టి చెప్పించండి. పదికి ఎంత అని అడిగితే తెలియకపోతే రూపాయికి ఎన్నణాలు అని అడగండి. పదహారణాల నొప్పి అంటే ఏమిటో ఏ ముసలమ్మకైనా తెలుసు. ఆ లెక్క కాగితం మీద తేదీ, టైము వేసి రాసిపెట్టండి. నర్సుకు అదే ఆధారం, రేపు ఎవరైనా వేలెత్తి చూపితే మీకూ అదే.

మంచి సేవకుడికి ఐదు ఉండాలని కూడా అదే వినయం చెప్పింది. మందు సిద్ధం చేయడం రావాలి, ఏది పనికొస్తుందో ఏది పనికిరాదో తెలియాలి, డబ్బు కోసం కాక మైత్రితో చేయాలి, మలమూత్రాలకు, వాంతికి అసహ్యపడకూడదు, అప్పుడప్పుడు ధమ్మం మాటలతో ధైర్యం చెప్పగలగాలి. వరుస చూడండి. మందు మొదట, ధమ్మ ప్రసంగం చివర. మనలో కొందరు ఐదోదానితో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతున్నారు.

ఇక మనిషి పోయాక ఇంట్లో మిగిలేది. మిషన్లో ఆఖరి సిరంజి ఎవరో ఒకరు పెడతారు. మిషన్ లేకపోతే ఆఖరి మోతాదు ఏ కోడలో, ఏ మనవడో ఇస్తారు. ఆ తర్వాత గంటకో, పూటకో ప్రాణం పోతుంది. ఇచ్చిన చెయ్యి ఏళ్ళ తరబడి తనను తాను చూసుకుంటుంది. నేను ఇవ్వకపోతే ఇంకో రోజు ఉండేవాడేమో అని. చుట్టాలు ఒక మాట అంటే ఇక చెప్పక్కర్లేదు.

కమ్మరి కుటుంబంలో పుట్టిన చుందుడి ఇంట్లో తిన్న భోజనమే తథాగతుడి ఆఖరి భోజనం. రక్త విరేచనాలు పట్టుకున్నాయి, దారిలో చెట్టు కింద పడుకుని ఆనందుణ్ణి మంచినీళ్ళు అడిగాడు. ఆ స్థితిలో ఆయనకు గుర్తొచ్చింది చుందుడు. నీ తిండి తినే పోయాడని ఎవరో ఒకరు అతన్ని కుళ్ళబొడుస్తారు, అతనూ తనను తాను నిందించుకుంటాడు, వెళ్ళి అట్లా కాదని చెప్పు అని ఆనందుడికి పని అప్పగించాడు. బోధికి ముందు దొరికిన భోజనమూ, పరినిబ్బానానికి ముందు దొరికిన ఈ భోజనమూ మిగతా అన్ని దానాలకన్నా గొప్పవి, రెండూ సమానం అని చెప్పమన్నాడు. చుందుడు విషం పెట్టలేదు, అన్నం పెట్టాడు.

మన విహారాల్లో చావు ఇంటికి వెళ్ళి పరిత్తం చదివి, పుణ్యానుమోదన సభ పెట్టి వచ్చే అలవాటు ఉంది. దానితోపాటు ఇంకో పని పెట్టుకుందాం. ఆఖరి మోతాదు ఇచ్చిన చెయ్యి ఎవరిదో కనుక్కుని, మొదటి వారంలోనే వాళ్ళ దగ్గర కూర్చుని చుందుడి సంగతి చెప్పాలి. నొప్పి లెక్క రాసిన కాగితం ఉంటే అది కూడా వాళ్ళ ముందు పెట్టి, ఏ పూట ఎన్నణాలు ఉన్న నొప్పి ఏ పూటకు ఎంతకు దిగిందో వాళ్ళచేతే చదివించాలి.